త్రాసు ఆగేంత సేపు

పది గంటలకి మా ఆయన ఆర్లెన్ నేలమాళిగలోకి దిగాడు. ఇంక గంటసేపు నేనా మెట్ల మీద కాలు పెట్టకూడదు. పెట్టక్కర్లేదు కూడా, పొయ్యి పక్కన నేలలో వేడిగాలి వచ్చే జాలీ ఉంది, దాని దగ్గర నిలబడితే కింద బల్ల మీద ఏం జరుగుతోందో నా చెవులకి తెలిసిపోతుంది. ఇదిగో దీపం తీగ లాగాడు. కుర్చీ జరిపాడు. అరలోంచి తుపాకీమందు డబ్బా దించాడు, ఒక్క డబ్బానే, రెండోది దించి ఉంటే రెండో చప్పుడు వచ్చేది. మంచిది. బల్ల మీద ఎప్పుడూ ఒక్క డబ్బానే ఉండాలి, ఒక మందు బదులు ఇంకో మందు తూటా గుల్లలో పడ్డానికి చెయ్యి ఒక్కసారి పొరపాటున అటు వెళ్తే చాలు. ఎనిమిదీ ఇరవైకి మాత్ర వేసుకున్నాడు, అది నెత్తురులోకి ఎక్కడానికి నలభై నిమిషాలు, ఆ తర్వాత రెండు గంటలు చేతులు మాట వింటాయి, ఆ రెండు గంటల్లో ఒకటి స్నానానికీ గుడ్లకీ నాతో వాదనకీ అయిపోయింది. నా ముందు ఇంత పెద్ద గిన్నెలో అడవి చెర్రీలు ఉడుకుతున్నాయి, ఆగస్టు చివర ఇది కాకపోతే ఇంకేం పని, వేళ్ళు మణికట్టు దాకా ఊదారంగు, ఈ మరకలు సెప్టెంబరంతా ఉంటాయి.

అతని పార్కిన్సన్స్‌కి నేను భయపడలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ ఊళ్ళో అందరూ నన్ను చర్చి మెట్ల దగ్గర ఆపి చెయ్యి పట్టుకుని కళ్ళలోకి చూస్తున్నారు. చొక్కా బొత్తాలు నేను పెడతాను, పెట్టాను, అయిపోయింది. సూపు తాగేటప్పుడు గిన్నె సగమే నింపుతాను, అయిపోయింది. ముప్ఫై ఏళ్ళు మంచులో బడి బస్సు నడిపినదాన్ని, ఏ మలుపులో ఎంత నెమ్మదించాలో నాకొకరు చెప్పక్కర్లేదు. కానీ తూటా వేరు. మాగ్నం తుపాకీలో తూటా పేలేది అతని కుడి చెంపకి నాలుగు వేళ్ళ దూరంలో. గుల్లలో మందు నేను గోటి మీద ఎత్తగలిగినంత ఎక్కువైతే ఇత్తడి ఉబ్బి గొళ్ళెం బిగుసుకుంటుంది, ఇంకాస్త ఎక్కువైతే ఆ ఇనుమూ ఆ కర్రా అతని ముఖంలోకి వస్తాయి. ఇప్పుడు ఆ మందు తూచి పోస్తున్నది ఉప్పుడబ్బా కూడా సరిగ్గా వంచలేని చెయ్యి. నాకున్న భయం అదొక్కటే, మిగతావన్నీ నేను చూసుకోగలను.

కింద తూటాల ప్రెస్ పిడి దిగింది. ఒకటి.

ఇరవై నాలుగేళ్ళు దరఖాస్తు పెట్టాడు కొండగొర్రె పొట్టేలు వేట పర్మిట్టు కోసం, అది లాటరీలో వస్తుంది. ప్రతి ఏడాదీ ఒక కాగితం, ప్రతి మే నెలలోనూ లేదన్న జవాబు. నలభై ఏడో ఏట మొదలుపెట్టాడు, వాళ్ళ నాన్న రెండోసారి ప్రయత్నంలోనే సంపాదించాడని ఎవరైనా గుర్తుచేస్తే ఆ పూట అన్నం మానేసేవాడు. ఈ మే నెలలో ఇచ్చామని ఉత్తరం వస్తే పోస్టాఫీసు బయట ట్రక్కులో కూర్చుని అరగంట ఇంటికి రాలేదు, నేను నడుచుకుంటూ వెళ్ళి చూస్తే స్టీరింగ్ మీద కాగితం పరుచుకుని చదువుతున్నాడు, అందులో ఉన్నది నాలుగు వాక్యాలు. డెబ్భై ఒకటి ఇప్పుడు అతనికి. ఇంకోసారి రాదు. మోకాళ్ళు ఎక్కగలవు, ఊపిరి ఉంది, తుపాకీని బండరాయి మీద సంచి వేసి ఆనిస్తే వణుకు సగం పోతుంది, అన్నీ జూన్ నుంచి కొలిచి చూసుకున్నాం. ఎవరో నింపిన తూటాలు అంగట్లో కొనుక్కోవచ్చుగా అని డాక్టరమ్మ అడిగింది, పాపం ఆవిడ తూర్పు నుంచి వచ్చింది. ఆర్లెన్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, అంతే.

రెండు. మూడు. బాగా చేస్తున్నాడు, చప్పుడు నిండుగా ఉంది.

పెళ్ళయి వచ్చిన ఏడాది శరదృతువులో నేను మా మామగారి దగ్గరికి వెళ్ళి దుప్పి వేటకి ఓ పది తూటాలు ఇమ్మన్నాను, కోడలు అడిగితే కాదంటాడా అని. ఆస్కర్ స్కోగెన్ నన్ను పైనుంచి కింది దాకా చూసి, నా చేత్తో నింపింది నీ తుపాకీలో పడదు, నేర్చుకో, అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా మీద నమ్మకం లేదనుకున్నాను, నేను బేకర్లింటి పిల్లననీ, మా నాన్న గొర్రెలు కాసేవాడనీ చిన్నచూపనుకున్నాను. కానీ ఆ శీతాకాలం ఆయనే పైన్ చెక్కతో నాకో బల్ల చేసి ఆర్లెన్ బల్లకి ఎదురుగోడకి బిగించాడు. దాని ముందు కూర్చోబెట్టి నేర్పాడు, గుల్లని తిరిగి కొలతకి తేవడం, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ అదమడం, మందు తూచడం, గరాటులోంచి పోయడం, చివర గుండు కూర్చోబెట్టడం. నేర్పినన్ని రోజులూ ఆయన మాట్లాడిన మాటలు ఓ కాగితం మీద పడతాయి. అప్పట్నుంచీ మా కాపురంలో ఫిబ్రవరి మధ్యాహ్నాలన్నీ ఇలాగే, ఆ గోడకి అతనూ ఈ గోడకి నేనూ, వీపులు వీపులు చూసుకుంటూ, ఒక్క మాట లేకుండా. మా ఆడపడుచు ట్రూడీ అంటుంది, మీ ఇద్దరూ పోట్లాడుకోకపోవడానికి కారణం అదే వదినా, నోరు విప్పితే పేలిపోతామన్న భయం అని. నలభై ఒక్క ఏళ్ళలో అతని తూటా నేను కాల్చలేదు, నాది అతను కాల్చలేదు. మంచం ఒకటే, బ్యాంకు పాసుబుక్కు ఒకటే, పళ్ళు తోముకునే బ్రష్షు కూడా ఓసారి క్యాంపులో ఒకటే అయింది, తూటాలు మాత్రం ఎవరివి వాళ్ళవి.

మా ఊరి మెర్ల్ డాన్సీ వాళ్ళ సంగతి తర్వాత నాకు ఆ నియమం మీద ఫిర్యాదు లేకుండా పోయింది. మెర్ల్ వాళ్ళ బాబాయి కొడుకు నింపిన తూటా పెట్టుకున్నాడు తన తుపాకీలో, ఊరి బయట గురి చూసుకునే చోట, పట్టపగలు, పదిమంది ఉండగా. కుడి కన్ను పోయింది. మెర్ల్ ఇప్పటికీ జులై నాలుగు స్వాతంత్ర్య దినాన కన్ను మీద నల్ల పట్టీ కట్టుకుని ఊరేగింపులో ట్రాక్టర్ తోలతాడు, అందరికన్నా గట్టిగా నవ్వేది అతనే. ఆ బాబాయి కొడుకు మాత్రం రెండేళ్ళు తిరక్కుండా ఇల్లమ్మేసి నెబ్రాస్కా వెళ్ళిపోయాడు. కన్ను పోయినవాడు ఊళ్ళో ఉన్నాడు, పోగొట్టినవాడు ఉండలేకపోయాడు. అది తలుచుకుంటూ నేను గరిటె తిప్పడం మానేశాను కాబోలు, అడుగంటిన వాసన కొంచెం వచ్చింది, మంట తగ్గించాను.

నాలుగు, ఐదు. ఫోను మోగింది, గోడ దగ్గరికి నాలుగడుగులు, జాలీకి దూరమైపోతానని తీగ సాగినంత మేర వెనక్కి వచ్చి నిలబడ్డాను. ట్రూడీ, ఆర్లెన్ చెల్లెలు, అరవై నాలుగేళ్ళ మనిషి, తొమ్మిది కంచర గాడిదలతో వేటగాళ్ళ సామాను కొండలకి మోస్తుంది, సోమవారం మమ్మల్ని పైకి తీసుకెళ్ళేది తనే. గుడారం ఎన్ని పౌన్లు, ఆర్లెన్‌కి ఆ మెత్తటి పరుపు తేనా, మాత్రలు ఎండకి పాడవుతాయా, అన్నీ అడిగింది. తర్వాత గొంతు తగ్గించింది, తన వంటింట్లో తనొక్కతే ఉన్నా.

"మా అన్నయ్య కింద ఉన్నాడా వదినా?"

"ఆఁ, నింపుతున్నాడు."

"నువ్వో ఇరవై నింపి ఆ పెట్టెలో మార్చెయ్యరాదూ? ఇత్తడి ఇత్తడే, ఆయనకేం తెలుస్తుంది?"

"నలభై ఒక్క ఏళ్ళు నా పక్కన పడుకున్నవాడికి నా తూటా తెలీదటే?"

"నీ వంట ఎలా ఉంటుందో ఇంతవరకు తెలుసుకోలేకపోయాడుగా, పాపం," అంది ట్రూడీ. నేను నవ్వాను, తనూ నవ్వింది. ఫోను పెట్టేటప్పుడు చెప్పింది, పోయిన ఏడాది చలికాలం అన్నయ్య తన గాడిదకి కళ్ళెం కట్టలేక గంటసేపు కొట్టంలో నిలబడ్డాడనీ, తను చూడనట్టు వెళ్ళిపోయిందనీ. నాకు చెప్పలేదు ఆ సంగతి అతను. నాకు చెప్పనివి ఇంకేమున్నాయో.

మార్చెయ్యడం నాకు చేతకాక కాదు. నేను నింపితే ఇరవైకి ఇరవై ఒకేలా ఉంటాయి, ఈ లోయలో నాలా మందు తూచేవాళ్ళు ఇంకొకరు లేరు, మామగారు పోయే ముందు ఆ మాట ఆర్లెన్ వింటుండగానే అన్నాడు, ఆర్లెన్ దానికి ఓ వారం అలిగాడు. కానీ దొంగతనంగా మారిస్తే, పొట్టేలు పడ్డాక అతను దాని కొమ్ముల మీద చెయ్యి వేసి ఇది నా చేత్తో చేసిన తూటా అనుకుంటాడు, నేను పక్కన నిలబడి ఔను అనుకోనివ్వాలి. ఆ అబద్ధం నేను మోయలేను. అందుకని నోరు మూసుకున్నాను. పోయిన వారం నాలుగు పొద్దుటి పూటలు కూర్చుని ఇరవై నింపాడు, ఒక్కోటి నింపడానికి పావుగంట, నేను జాలీ దగ్గర నిలబడి వెన్న కరిగించినట్టు నటిస్తూ అన్నీ విన్నాను. నిన్న వెళ్ళి మూడు కాల్చి వచ్చాడు. ఎలా ఉన్నాయి అంటే బాగానే ఉన్నాయి అన్నాడు, తుపాకీ తుడిచి గోడకి పెట్టేశాడు, గురికాగితం చూపించలేదు. ప్రతిసారీ చూపిస్తాడు. ముఖం మీదికి తెచ్చి మరీ చూపించే మనిషి. నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది, కానీ ఇద్దరికీ ఆకలిగా ఉంది, మాంసం వేగుతోంది, మర్చిపోయాను. ఇవాళ మిగతావి నింపుతానని దిగి ఉంటాడు, ఇరవై చాలవనుకున్నాడేమో.

ఎనిమిది. తొమ్మిది. చూడు ఎంత చురుగ్గా చేస్తున్నాడో. మందు జారే చప్పుడు సన్నగా వస్తోంది, పొడి ఇసుక రాలినట్టు, వెంటనే పిడి దిగుతోంది, మళ్ళీ మందు, మళ్ళీ పిడి. మాత్ర బాగా పట్టినట్టుంది. కొత్త డాక్టరమ్మ మోతాదు పెంచింది, మంచి పని చేసింది, తూర్పు నుంచి వస్తే ఏం, మనిషి చురుకైనది. నాకు గర్వంగా అనిపించింది, ఎవరూ చూడకపోయినా నవ్వుకున్నాను, చెర్రీల గుజ్జు గుడ్డలో పోసి మూటకట్టి గిన్నె మీద వేలాడదీశాను. దాన్ని పిండకూడదు. దానంతటదే చుక్కచుక్కగా కారాలి, తొందరపడి పిండితే రసం మసకబారుతుంది, జెల్లీలోంచి అవతలికి ఏమీ కనపడదు. పది. ఆర్లెన్‌కి నా జెల్లీ కిటికీలో పెట్టి ఎండ అవతల్నుంచి రావడం చూడటం ఇష్టం, తినడం కన్నా. పదకొండు. ఇంత త్వరగానా? గడియారం చూశాను. పదీ ముప్ఫై ఒకటి. మొదటి పిడి దిగినప్పట్నుంచి ఇరవై ఆరు నిమిషాల్లో పదకొండు.

త్రాసు ఆగడం లేదు. అదీ లేనిది, అంతసేపూ నాకు వినపడనిది అదే. మందు చిన్న పళ్ళెంలో పోసి త్రాసు మీద పెడితే ముల్లు పైకీ కిందికీ ఊగి ఊగి గీత దగ్గర నిలబడాలి, ఆ నిలబడేంత సేపూ నింపేవాడు ఊపిరి కూడా బిగబడతాడు, నాకైతే ఇరవై లెక్కపెట్టేంత, అతనికి ఈమధ్య యాభై అరవై. ఆ తర్వాత ఒక్కొక్క గింజే వేళ్ళతో విదిలిస్తూ సరిచెయ్యాలి. ఆ నిశ్శబ్దమే మా పని, మిగతాదంతా పిడి లాగడం. కింద ఆ నిశ్శబ్దం లేదు. మందు, పిడి. మందు, పిడి. అతను తూచకుండా పోస్తున్నాడు. చెయ్యి వణికి ముల్లు నిలబడక, విసిగిపోయి, కంటి కొలతతో పోసేస్తున్నాడు, నలభై ఒక్క ఏళ్ళలో కంటి కొలతతో ఒక్క గుల్ల నింపనివాడు. గుడ్డ నా చేతిలో ఉంది, దాన్ని పిండేస్తున్నానని చూసుకునేసరికి రసం మోచేతి దాకా కారింది.

వెళ్ళనా? నేను మెట్లు దిగితే ఆ ఒక్క దిగడంతో అతనికి అర్థమైపోతుంది, ఇంక నీ వల్ల కాదు అని పైనుంచి అరిచినట్టే. ఆ మాట తర్వాత ఈ కొండకి వెళ్ళడు, నాకు తెలుసు, మోకాలు నొప్పి అంటాడు, ట్రూడీకి ఫోను చేసి గాడిదల్ని వద్దంటాడు, ఇరవై నాలుగేళ్ళ కాగితం సొరుగులో పడేస్తాడు. వెళ్ళకపోతే బండరాయి మీద సంచి, సంచి మీద తుపాకీ, తుపాకీ మీద అతని చెంప, నేను దుర్భిణితో పొట్టేలుని చూస్తుంటాను, అతన్ని కాదు, వినపడేది ముందు నాకే. పన్నెండు. బస్సు నడిపేటప్పుడు మంచుమీద జారితే ఆలోచించకూడదు, చేతులు తెలిసింది చేస్తాయి. నా కాళ్ళు తెలిసింది చేశాయి. మూడో మెట్టు కిర్రుమంటుంది, దాని నడిమధ్యే అడుగు వేశాను, దొంగలా దిగదలుచుకోలేదు.

అతను వెనక్కి తిరగలేదు. "వంటింట్లో ఏదో మాడింది," అన్నాడు.

బల్ల మీద త్రాసుకి గుడ్డ కప్పే ఉంది. ఎడమ పక్కన పోయినవారం నింపిన తూటాల చెక్కపెట్టె, అందులో ఐదు నిలబడి ఉన్నాయి. కుడి పక్కన కాఫీ డబ్బా మూతలో గుండ్లు, పన్నెండు, ఒంటి మీద గీతలతో. ప్రెస్‌లో బిగించింది గుండు కూర్చోబెట్టే అచ్చు కాదు, గుండు ఊడపీకే పట్టు. అతను ఇంకో తూటా పెట్టి పిడి లాగాడు, గుండు ఊడి వచ్చింది, గుల్లని వంచి మందు పళ్ళెంలోకి ఒంపాడు, ఇసుక రాలిన చప్పుడు. నింపడం లేదు. తను నింపినవన్నీ ఒక్కొక్కటీ విప్పేస్తున్నాడు. పైన నిలబడి అరగంట అన్నీ తెలిసినట్టు లెక్కపెట్టిన నా అంత తెలివితక్కువది ఇంకెవరూ ఉండరు. నాకు నవ్వు రావాలి, రాలేదు, నా బల్ల దగ్గరి కుర్చీ లాక్కుని, ఎప్పట్లా వీపు వీపుకి కాకుండా, అతని వైపు తిరిగి కూర్చున్నాను.

"ఎందుకు?" అన్నాను. "బరువు తప్పాయా?"

"తప్పలేదు. మూడుసార్లు చూసుకున్నా. సరిగ్గానే ఉన్నాయనుకుంటా." ఇంకో తూటా తీశాడు, ప్రెస్‌లో పెట్టలేదు, వేళ్ళ మధ్య అది గడగడా ఊగుతుంటే దాన్నే చూస్తున్నాడు. "నిన్న ట్రిగ్గరు నొక్కే ముందు కళ్ళు మూసుకున్నా, వెల్డా. మూడుసార్లూ. నా బతుకులో ఎప్పుడూ మూసుకోలేదు. తుపాకీ తన్నుతుందని కాదు. నేను నింపింది కదా అని."

నేను ఏడ్చాను, ఆపాల్సిన పనీ లేదు, అతను వీపు తిప్పుకునే ఉన్నాడు. కాగితం మీద గురి ఎక్కడెక్కడ పడిందో ఇంక అడగలేదు. ఇన్నాళ్ళూ అతని చేతుల మీద నాకున్న భయాన్ని అతని నుంచి దాచడానికే నేను పడ్డ తిప్పలన్నీ, అదే భయం అతను నా నుంచి దాస్తూ ఇదే ఇంట్లో, ఇదే మంచం మీద, ఇవే గుడ్లు తింటూ ఉన్నాడు. మనిషి మీద కోపం కూడా వచ్చింది. నిన్న రాత్రి అంత మాంసం తిన్నాడు, ఒక్క మాట చెప్పొచ్చుగా.

"నువ్వు నింపిందైతే మూసుకోను," అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు, ఉప్పు అందుకో అన్నట్టు. "ఇక్కడ కూర్చున్నప్పట్నుంచీ అదే ఆలోచిస్తున్నా. నీదైతే మూసుకోను."

"మామగారు సమాధిలోంచి లేచి కూర్చుంటాడు."

"కూర్చోనీ. ఆయనకి రెండోసారికే వచ్చింది పొట్టేలు."

అప్పుడు నాకు మామగారు అర్థమయ్యాడు, నలభై ఒక్క ఏళ్ళు ఆలస్యంగా. నమ్మకం లేక కాదు ఆయన ఇవ్వనిది. కోడలి చెంప పక్కన తన చేతిపని పేలడాన్ని ఆయన తట్టుకోలేడు, అంతే, అంత పెద్ద మనిషి నా వల్ల కాదమ్మా అనలేక నేర్చుకో అన్నాడు. ఇప్పుడు ఆర్లెన్ రెండు కళ్ళూ నా పళ్ళెంలో పెడుతున్నాడు. నేను ఎంత బాగా తూస్తానో నాకు తెలుసు, తూచగలను, అందులో సందేహం లేదు, కానీ సోమవారం కొండ మీద అతను కళ్ళు తెరుచుకుని నొక్కుతుంటే నేను దుర్భిణి పక్కన పడేసి కళ్ళు మూసుకుంటానని కూడా తెలుసు. అలా కుదరదు. ఇద్దరిలో ఒకరు మూసుకుంటే చేసిందంతా దండగ. లేచి చేతుల మీది రసం ఏప్రన్‌కి తుడుచుకున్నాను.

"ఇరవై మూడు నింపుతాను," అన్నాను. "మొదటి మూడూ నీ తుపాకీలో నేను కాలుస్తా, రేపు పొద్దున, ఆ గురి దగ్గరే. నా చెంప పెట్టి. ఆ తర్వాతే నువ్వు."

"అది నీ కొలతకి చేసిన తుపాకీ కాదు. నీ భుజం వాచిపోతుంది."

"వాచనీ."

అతను అప్పుడు ఇటు తిరిగాడు. చాలాసేపు నన్ను చూశాడు, ఊదారంగు చేతులూ మోచేయీ అన్నీ. తర్వాత బల్ల పట్టుకుని లేచి, గోడ మీది తుపాకీ దించి, నలభై ఒక్క ఏళ్ళలో నన్ను తుడవనివ్వని ఆ తుపాకీని రెండు చేతులతో నాకు అందించాడు. అలవాటు ప్రకారం గొళ్ళెం వెనక్కి లాగి లోపల ఖాళీయో కాదో వేలు పెట్టి చూశాను, ఖాళీయే. అతనింకా రెండో కొన వదల్లేదు, ఇనుములోంచి అతని వణుకు నా అరచేతుల్లోకి వస్తోంది. వదలమని నేను అనలేదు, భుజానికి ఆనించుకుని అలాగే పట్టుకున్నాను.